పార్థుడి వంటిల్లు

వరహాలు పెరట్లో పీట వేసుకుని చింతపండు గుజ్జుతో ఇత్తడి చెంబు తోముతోంది. చెంబు మెడ దగ్గర పట్టిన నల్లటి మరక ఒక పట్టాన వదలడం లేదు. బొటనవేలితో అక్కడే రుద్దుతుంటే వీధి గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"లోపల ఎవరున్నారు? గృహస్థులు దయచేసి బయటికి రావలెను."

ఇలా మాట్లాడేవాళ్లు రెండే రకాలు. పౌరాణిక నాటకాలు వేసేవాళ్లు, సర్కారువాళ్లు. నాటకాల రోజులు కావు కనుక వరహాలు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వెళ్లింది.

వచ్చినాయన పేరు పీతాంబరం. ఈతమెట్ట మండలానికి మత్స్యశాఖ అధికారి. మండలంలో ఉన్న చెరువులన్నీ ఎప్పుడో ఎండిపోయాయి. చెరువుల్లేని చోట చేపల అధికారికి తీరిక ఉంటుందని పైవాళ్లు కనిపెట్టి, ఎవరికీ అక్కర్లేని పనులన్నీ అదనపు బాధ్యతల కింద ఆయనకే అప్పగిస్తూ వచ్చారు. వీధికుక్కల గణన ఆయనే చేశాడు. మరుగుదొడ్ల ముందు నిలబడి ఫొటోలు దిగడం ఆయన వంతే. ఇప్పుడు కొత్తగా 'మండలానికొక మహాప్రాచీనం' అనే పథకం ఆయన మెడకు చుట్టుకుంది.

పథకం సంగతి ఇది. రాష్ట్రంలో ప్రతి మండలంలోనూ ఒక ప్రాచీన వస్తువు ఉండి తీరాలి. లేని మండలాన్ని 'చరిత్ర లోపించిన మండలం'గా ప్రకటిస్తారు. లోపం ఎందుకు ఏర్పడిందో అక్కడి అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాలి. పక్క మండలంవాళ్లు ఒక తిరగలిరాయి చూపించి గండం గట్టెక్కారు. ఈతమెట్టలో అన్నిటికన్నా పాతది బస్టాండు హోటల్లో సాంబారని జనం చెప్పుకుంటారు గానీ, దానికి రాతపూర్వకమైన ఆధారం లేదు.

"అమ్మా, మీ గృహమందు నూరు సంవత్సరములు పైబడినది ఏదైనా కలదా?"

"మా మావగారి మేనత్త ఉండేదండి. నిరుడే పోయింది."

"మనుషులు కాదమ్మా. వస్తువు."

వరహాలు కాసేపు ఆలోచించింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తి చేతులతో పంపడం ఆమెకి చేతకాదు. "మా ఆయన దగ్గర పాత డబ్బులేవో ఉన్నాయండి," అంది.

వరహాలు మొగుడు సన్యాసిరావు ప్రైవేటు హైస్కూల్లో హిందీ పండితుడు. ఊరందరిదీ ఒక దారి, ఆయనది ఇంకో దారి. తోటి మాస్టర్లు సాయంత్రమైతే చీట్లపేకకు చేరితే, ఈయన భూతద్దం పట్టుకుని నాణేలు చూసుకుంటాడు. అవి కూడా మన రాజులవి కావు. ఇరాన్ దేశాన్ని రెండువేల ఏళ్ల క్రితం ఏలిన పార్థియన్లనే రాజులవి. ఎందుకండీ ఆ రాజులు అంటే, "చవగ్గా వస్తారు," అంటాడు. ఆ రాజులు విపరీతంగా నాణేలు కొట్టించి పోయారట. అంచు విరిగినవీ, మొహం అరిగినవీ ఒక మోస్తరు నేతచీర ధరకు దొరుకుతాయి. ఏ పండక్కో తను చొక్కా కుట్టించుకోవడం మానేసి, ఒక రాజుని టపాలో తెప్పించుకుంటాడు.

పెళ్లయిన కొత్తలో ఆమె తండ్రి, "మా వరహాలుని ఇచ్చాం కదయ్యా, ఇంకా డబ్బులు పోగేసుకోడం దేనికీ?" అని వేళాకోళం ఆడాడు. వరహాలు మాత్రం ఎప్పుడూ కాదనలేదు. మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు, పరాయి గుమ్మం తొక్కడం లేదు. చచ్చిపోయిన రాజులతో ఎవరికేం ఇబ్బంది? పొయ్యి పక్క గూడు పొడిగా ఉంటుందని, ఆయన హోమియో మందుల పెట్టెలో పేర్చుకున్న రాజుల్ని తన వంటింట్లోనే పెట్టుకోనిచ్చింది. పోయిన వానల్లో వంటింటి వెనకగోడ, దాని మీది కప్పూ కూలితే ముందు ఆ పెట్టెనే బయటికి తెచ్చి, ఆ తరవాత పప్పుడబ్బా తెచ్చింది.

ఆ గోడ మళ్లీ లేపడానికే ఇప్పుడు ఇసుక వచ్చింది. సిమెంటు బస్తాలు వరండాలో ఉన్నాయి. తాపీమేస్త్రి మర్నాడు వస్తానన్నాడు. వానలు దగ్గరపడుతున్నాయి. వరహాలుకి కావలసిందల్లా ఒక్కటే, మబ్బు పట్టేలోగా నాలుగు గోడల వంటిల్లు.

సన్యాసిరావు పెట్టె తెచ్చి వీధి అరుగు మీద మూత తీశాడు. ఇన్నేళ్లలో ఒక మనిషి ఇంటికొచ్చి తన నాణేలు చూపించమనడం ఇదే మొదలు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవి పార్థియన్ నాణేలండి."

పీతాంబరం చేతిలో కలం ఆగింది. "ఏమన్నారు?"

"పార్థియన్..."

"పార్థ?"

"పార్థియన్లండి. అదే, ఇరాన్ వైపు..."

ఇరాన్ అన్న ముక్క పీతాంబరం చెవిదాకా పోలేదు. ఆయన అప్పటికే నాణెం వెనక్కి తిప్పాడు. వెనక ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో విల్లుంది.

పీతాంబరం చెప్పులు విడిచాడు.

"మాస్టారూ! పేరు పార్థుడు. చేతిలో విల్లు. ఇంక ఏం కావాలి?"

"అది కాదండీ, ఇటు చూడండి, ఇది రాజు బొమ్మ. గడ్డం ఉంది చూశారా?"

"అరణ్యవాసంలో గడ్డం గీసేవాళ్లెవరుంటారు?"

"తలమీద పొడుగు టోపీ కూడా..."

"అజ్ఞాతవాసం," అన్నాడు పీతాంబరం రాసుకుంటూ.

సన్యాసిరావు కంగారుగా, "ఈ వంశంలో రాజులందరూ ఒకటే పేరు వేసుకున్నారండి. అర్సాకీస్ అని. తండ్రీ అదే, కొడుకూ అదే, మనవడూ అదే," అన్నాడు.

"అర్జునుడికి పది పేర్లు, మనిషి ఒకడు. ఇక్కడ మనుషులు పదిమంది, పేరు ఒకటి. ఎటునుంచి చూసినా లెక్క సరిపోయింది. పైగా మొదటక్షరం కూడా కలిసింది." పీతాంబరం కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాస్టారూ, ఈ మండలం పరువు నిలబెట్టారు. ఇవి లభ్యమైన చోటు?"

"వంటింటి గూట్లో ఉంటాయండి," అంది వరహాలు.

ఉండడానికీ దొరకడానికీ తేడా ఉంది. కానీ కాగితంలో ఉన్నది ఒకటే గడి. పీతాంబరం అందులో 'వంటిల్లు' అని రాశాడు. సన్యాసిరావు నోరు తెరిచాడు గానీ, ఆ క్షణంలో పీతాంబరం నాణేన్ని ఎండకెత్తి, "ఏం పనితనం! ఏం పనితనం!" అంటున్నాడు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించి కాబోలు, మాస్టారు తెరిచిన నోరు మూశాడు. వరహాలు అది చూసింది.

*

మర్నాడు మేస్త్రి అప్పలకొండ తాపీ, దారపుకండె పట్టుకుని వచ్చేసరికి వంటింటి చుట్టూ ఎర్రనాడా కట్టి ఉంది. బోర్డు మీద ఇలా రాసి ఉంది: 'పార్థుని నాణెముల లభ్యస్థలము. తవ్వరాదు. కట్టరాదు. కదపరాదు.' పక్కనే పీతాంబరం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గోడ కట్టాలి బాబూ," అన్నాడు అప్పలకొండ.

"వీలుపడదు. స్థలమును యథాతథ స్థితిలో సంరక్షించవలెనని ఉత్తర్వు."

"యథాతథం అంటే ఏటి బాబూ?"

"ఎట్లున్నది అట్లు."

"గోడ పడిపోయున్నాది కదా?"

"పడిపోయిన గోడను పడిపోయినట్లుగానే సంరక్షించవలెను."

అప్పలకొండ ఆ గోడకేసి చాలాసేపు చూశాడు. "పడిపోయిన దానికి కాపలా ఏటి బాబూ? అదింకెక్కడికి పడిపోద్ది?" అన్నాడు. తాపీ సంచిలో వేసుకున్నాడు. "వరాలమ్మా, సిమెంటు జాగర్త. గాలి తగిల్తే గడ్డ కట్టేద్ది. వానలు పడినాక నన్ను పిలిచినా నానేటీ సెయ్యలేను."

"ఏమండీ, సిమెంటు గడ్డ కట్టేస్తాదట," అంది వరహాలు పీతాంబరంతో.

పీతాంబరం ఉత్తర్వు రెండువైపులా తిప్పి చూశాడు. "సిమెంటును గూర్చి ఇందులో ఏమియు లేదు," అన్నాడు.

వరహాలు గ్యాసుపొయ్యి వరండాలోకి మార్చింది. గాలికి మంట ఆరిపోతుంటే తలుపురెక్క అడ్డం పెట్టుకుంది. బడికి వెళ్లే పిల్లలు ఆగి, ఈరోజు ఏం కూరో చూసి మరీ వెళ్తున్నారు. ఎదురింటి పైడితల్లి గోడ మీంచి తొంగిచూసి, "ఏటే వరాలూ, పార్థుడి పెళ్లానివైపోయావట! ద్రౌపదికి తప్పని అడవి వంట నీకెలా తప్పుద్దే?" అంది.

"నవ్వకు పైడితల్లీ. రేపు మీ గూట్లో ఏటి దొరుకుద్దో?"

"మా గూట్లో బల్లిగుడ్లు తప్ప ఏటీ దొరకవమ్మా," అని పైడితల్లి చటుక్కున కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రం వాళ్లింటి గూళ్లన్నీ ఖాళీ చేసిందని తరవాత తెలిసింది. ఆ వీధిలో చాలామంది అదే పని చేశారు.

*

వారం తిరక్కుండానే జిల్లా నుంచి సంఘం దిగింది. సంఘానికి పెద్ద పురావస్తుశాఖ ఉపసంచాలకులు త్రివిక్రమరావు. మాట్లాడే ముందు కళ్లు మూసుకుంటాడు, మాట్లాడాక తెరుస్తాడు. మధ్యలో ఎదుటివాళ్లు ఏమన్నా ఆయనకు సంబంధం లేదు.

"పార్థుడు విల్లు ధరించినాడు. అది నిర్వివాదము," అన్నాడు కళ్లు మూసుకుని. "అయితే ఆయన నిలుచుండలేదు. ఆసీనుడై యున్నాడు. కావున మన ముందున్న ప్రశ్న ఒక్కటే. దేనిపై ఆసీనుడైనాడు?"

అందరూ నాణెం మీదకి వంగారు. విలుకాడు కూర్చున్నది గుండ్రటి తలతో ఉన్న రాయిలాంటి దాని మీద.

"అది వాళ్ల దేవతల పీఠం అంటారండి. గ్రీకుల నుంచి తీసుకున్నారు," అని సన్యాసిరావు మొదలెట్టాడు.

త్రివిక్రమరావు కళ్లు తెరిచాడు. కూలిన గోడ పక్కన, మూలగా, వరహాలు రుబ్బురోలు ఉంది. అందులో పొత్రం గుండ్రటి తలతో నిలబడి ఉంది.

సంఘంలో ఒకాయన దండం పెట్టాడు.

"అయ్యో, అది మా అమ్మ పెట్టిన రోలండి! రాజాంలో కొన్నాం," అంది వరహాలు.

"కొన్నది మీరు. కూర్చున్నది ఎవరు?" అన్నాడు త్రివిక్రమరావు.

సరిగ్గా అప్పుడే పడమటి వైపు ఒక ఉరుము ఉరిమింది. వరహాలు ఉలిక్కిపడి, చిన్నప్పటి అలవాటు కొద్దీ, "అర్జునా ఫల్గుణా, అర్జునా ఫల్గుణా," అనుకుంది గుండెల మీద చెయ్యి వేసుకుని.

సంఘం యావత్తూ ఆమె వైపు తిరిగింది.

"అమ్మా, మరొకమారు పలుకుము."

"ఏటండీ?"

"ఇప్పుడు స్మరించిన నామములు."

"ఉరుముతోందని అన్నానండి. అందరూ అంటారు కదేటి? మా ఊళ్లో అంటారు, ఈ ఊళ్లో అంటారు."

"వ్రాయుము," అన్నాడు త్రివిక్రమరావు పీతాంబరంతో. "పార్థుని ఆసనం చెంత, పార్థుని నామములు నేటికీ స్త్రీల నోట పలుకుచున్నవి. ఎవరునూ నేర్పలేదు. ఊరంతయు సాక్ష్యము." తరవాత వరహాలుతో ఎంతో మర్యాదగా, "అమ్మా, తమరు సజీవ ఆధారము. ఉరిమినపుడెల్ల ఈ ప్రదేశమునందే ఉండవలెను," అన్నాడు.

"కప్పు లేదు కదండీ. తడిసిపోతాను."

"ఆధారములు తడియకుండ చూచుటకు ప్రత్యేక నిధి కలదు. దరఖాస్తు చేసుకొనవచ్చును."

రోలుకి పసుపుగుడ్డ చుట్టి, ముడి మీద లక్క పోసి ముద్ర వేశారు. ఆ రోజు నుంచి వరహాలు అట్లపిండికి పైడితల్లి మిక్సీ దగ్గర చెయ్యి చాచవలసి వచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో వార్త పడింది: 'ఈతమెట్టలో పార్థుడు విశ్రమించిన రోలు.' స్కూలువాళ్లు సన్యాసిరావుకి శాలువా కప్పారు. ఎన్నడూ ఆయన్ని పలకరించని లెక్కల మాస్టారు, "ఏమోయ్, నీ డబ్బులు ఓసారి చూపించు," అని భుజం మీద చెయ్యి వేశాడు.

*

శాలువా దండెం మీద వేస్తూ వరహాలు అడిగింది. "ఎన్నాళ్లండీ ఇలాగ?"

"వాళ్లు వింటేగా?"

"వినేలాగ చెప్పండి. కొన్నాను, టపాలో వచ్చాయి, అని ఒక్క ముక్క. ఆ పోస్టుమేన్ కోసం నేనెన్నిసార్లు గుమ్మంలో నిలబడ్డానో నాకు తెలుసు."

"వాళ్లు అది అడగడం లేదే."

"అడక్కపోతే చెప్పరేటి? రాత్రి సిమెంటు బస్తా నొక్కి చూశాను. మూల గట్టిపడింది."

సన్యాసిరావు పెట్టె మూత తీసి, ఒక నాణెం చూసి, మళ్లీ మూశాడు. వరహాలు ఆయన ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. "నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు. నగలడగలేదు, తీర్థాలడగలేదు. వాన పడే ముందు గోడ. అంతే," అంది.

సన్యాసిరావు మంచివాడు. ఆ మాటకి ఆయనకి నిద్ర పట్టలేదు. మళ్లీ సంఘం వచ్చినప్పుడు తిన్నగా వెళ్లి త్రివిక్రమరావు ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఇవి ఇక్కడ దొరికినవి కావు. నేను కొనుక్కున్నాను. పార్థియన్లకీ పార్థుడికీ చుట్టరికం లేదు. మా వంటింటికి అసలే లేదు."

త్రివిక్రమరావు చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నారు.

"మాస్టారూ, తొందరపడవలదు," అన్నాడు చివరికి. "దొరికినవి అన్నచో తమరికి సన్మానము, స్థలమునకు సంరక్షణ. కొన్నవి అన్నచో అనుమతి లేక పరదేశపు ప్రాచీన వస్తువులను కలిగియుండుట. విచారణ. నాణెముల స్వాధీనము. ఏది నిజమని మేము అడుగుట లేదు. ఏది వీలో చెప్పుడు."

సన్యాసిరావు వరండా వైపు చూశాడు. వరహాలు తలుపురెక్క చాటున మంట ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టి ఆయన్నే చూస్తోంది.

"కొన్నవండి," అన్నాడు.

వరహాలుకి పెళ్లినాటి కంటే ఆ నిమిషంలో మొగుడు ఎక్కువ ముచ్చటగా కనిపించాడు. హోమియో పెట్టెను సంచిలో వేసి, సంచికి ముద్ర వేసి, జీపులో పెట్టారు. ఆయన జీపు దాకా వెళ్లి, పెట్టె అడ్డంగా పడిపోకుండా సర్ది వచ్చాడు.

"అయితే ఇంక గోడ కట్టుకోవచ్చాండి?" అంది వరహాలు.

"ఎట్లు కట్టుదురు? ఇక్కడ ప్రాచీనము కలదని ఉత్తర్వు ఉన్నది. లేదని తేలినగాని ఉత్తర్వు రద్దు కాదు."

"లేదని ఆయన చెప్పారు కదండీ."

"ఆయన తన నాణెములను గూర్చి చెప్పినారు. భూమిని గూర్చి భూమియే చెప్పవలె." త్రివిక్రమరావు కళ్లు తెరిచి చిరునవ్వు నవ్వాడు. "ఏమియు లేదని తేలుటకు తవ్వవలెను."

*

తవ్వకం మొదలైంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం సామెత. ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు. మోకాలి లోతున ఏమీ లేదు. నడుము లోతున ఏమీ లేదు. ప్రతి సాయంత్రం పీతాంబరం 'ఏమియు లేదు' అని నివేదిక పంపుతాడు. మర్నాడు పై నుంచి 'ఏమియు లేకపోవుట ఇంతవరకు సంతృప్తికరము. అయినను దిగువ పొరలలో కూడ లేకపోవుటను నిర్ధారించుడు' అని జవాబొస్తుంది. మళ్లీ తవ్వుతారు.

మధ్యలో ఒకసారి గాజుగోళీ ఒకటి బయటపడింది. అది సోడాబుడ్డి గోళీ అని కూలీలందరికీ తెలుసు. అయినా దాన్ని దూదిలో చుట్టి జిల్లాకి పంపారు. అది వెళ్లి వచ్చేదాకా తవ్వకం ఆగింది. సోడా కూడా కొంత ప్రాచీనమే గానీ చాలినంత కాదని తేలాక మళ్లీ మొదలైంది. మిగిలిన మూడు గోడలకీ పునాది లేకుండా పోయి, ఒకదాని వెనక ఒకటి గోతిలోకి జారాయి. పొయ్యిగూడు ఉన్న గోడ అన్నిటికన్నా ఆఖరున పడింది.

వరహాలు గోతి అంచున నిలబడి, "ఇంకా ఎంతుందండీ?" అని అడిగింది.

"లేకపోవుట చాల లోతుగా ఉన్నదమ్మా," అన్నాడు పీతాంబరం.

ఇంట్లో సన్యాసిరావు పద్ధతి మారిపోయింది. సాయంత్రం బడినుంచి వచ్చి, పెట్టె ఉండే చోటికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకునేవాడు. అన్నం కెలికి లేచేవాడు. వరహాలు ఆయనకి ఇష్టమని వంకాయ మెంతికారం పెట్టి కూర చేసింది. వరండాలో గాలికి సగం ఉడికీ సగం ఉడక్కా దిగింది. "బాగుంది," అన్నాడు తినకుండానే.

"ఏమండీ, నాణేలు పోతే పోయాయి. మీరు ఆ రోజు అన్నమాట నాకు చాలు. గోడ ఇవాళ కాకపోతే రేపు లేస్తాది," అంది వరహాలు.

"నిజం చెప్తే ఏమైందే? గోడ లేచిందా?" అన్నాడు ఆయన. ఆ గొంతులో ఏదో కొత్తదనం ఉంది. ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి గొంతు అది. వరహాలు గిన్నెలు తీసేసింది.

వాన వచ్చింది. అలా ఇలా కాదు, కుండపోత. సిమెంటు బస్తాలు బండరాళ్లయ్యాయి. గోతిలో నీళ్లు నిండి, పసుపుగుడ్డ చుట్టిన రోలు మునిగి, పైన కప్పలు చేరాయి.

వాన వెలిసిన మధ్యాహ్నం పీతాంబరం గొడుగేసుకుని వచ్చాడు. గోతి అంచుకొచ్చి నీళ్లకేసి చూశాడు. వంగి, అరచేత్తో తీసి వాసన చూశాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన అధికార పరిధిలో ఇన్ని నీళ్లు ఎన్నడూ లేవు. ఆయన మొహం విప్పారింది. మర్నాడే ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లలు వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా వాడకుండా మిగిలిపోయిన కోటా అంతా వంటింట్లో వదిలారు. బోర్డు తీసి కొత్త బోర్డు పెట్టారు: 'ఆదర్శ గృహ మత్స్యకుంట.'

పైడితల్లి గోడ మీంచి చూసింది. ఈసారి ఆమెకి కూడా ఎకసెక్కం రాలేదు. "ఓలమ్మో," అని మాత్రం అంది.

*

ఆఖరికి ఒక ఆదివారం పీతాంబరం హోమియో పెట్టె పట్టుకుని వచ్చాడు. సన్యాసిరావు కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే ఊరెళ్లిన బిడ్డ తిరిగొచ్చినట్టుంది.

"మాస్టారూ, శుభవార్త. రెండు శాఖలు కూర్చుని ఆలోచించినవి. చేపలకుంట పథకంలో ఒక నియమము ఉన్నది. ఇంటిని కూల్చి కుంట చేయరాదు. ఆ స్థలము మొదటి నుండియు కుంటయై ఉండవలెను. అట్లే, అక్కడ వంటిల్లే లేకపోయినచో, వంటింట్లో నాణెములు లభించుట ఎట్లు? లభించనిచో కేసెట్లు? దస్త్రము మూసివేయవచ్చును. తమ నాణెములు తమకు." ఆయన ఒక కాగితం పరిచాడు. "ఇక్కడ వంటిల్లు ఎన్నడూ లేదని ఒక్క సంతకము."

వరహాలు వరండాలో అన్నం వారుస్తోంది. గంజి గిన్నెలోకి దిగుతుండగా చెయ్యి ఆగింది. ఆమె మొగుడికేసి తిరిగింది.

"సంతకం పెట్టకపోతే?" అన్నాడు సన్యాసిరావు.

"దస్త్రము తెరచియే ఉండును. కుంట మీద మీకు హక్కు ఉండును. కుంట పూడ్పించమని దరఖాస్తు పెట్టవచ్చును. పెట్టగా పెట్టగా ఎప్పటికైనను వంటిల్లు రావచ్చును. నాణెములు మాత్రము ఖజానాలో ఉండును."

"పెడితే?"

"ఎన్నడూ లేని వంటింటిని తిరిగి కట్టుకొనుట ఎట్లు కుదురును మాస్టారూ?"

సన్యాసిరావు పెట్టె మూత కొంచెం ఎత్తి చూశాడు. వరహాలు వైపు చూడలేదు. చూస్తే ఏమయ్యేదో ఆయనకి తెలుసేమో. "ఎటూ ఇప్పుడక్కడ వంటిల్లు లేదు కదా," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"లేదు," అన్నాడు పీతాంబరం.

"ఇందులో అబద్ధం పెద్దగా ఏముంది?"

"ఎన్నడూ అన్న ఒక్క పదము తప్ప ఏమియు లేదు."

సన్యాసిరావు కలం తీసుకున్నాడు. హిందీ పండితుడు కదా, దస్తూరి అందంగా ఉంటుంది. తొందర లేకుండా, గుండ్రంగా, చుక్క కూడా మరవకుండా సంతకం చేశాడు. పీతాంబరం కాగితం మీద ఊది, మడిచి, జేబులో పెట్టుకుని, దారిలో కుంటలో చేపలకి గుప్పెడు తవుడు చల్లి వెళ్లిపోయాడు.

సన్యాసిరావు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క అరా తీసి చూసుకుంటున్నాడు. వేలితో తాకి, తిరగేసి, మళ్లీ పెడుతున్నాడు. చాన్నాళ్ల తరవాత ఆయన మొహంలో పాత వెలుగొచ్చింది.

"అన్నీ ఉన్నాయే," అన్నాడు తలెత్తకుండానే. "ఒక్కటీ పోలేదు."

వరహాలు గంజి గిన్నె పక్కన పెట్టింది. గ్యాసు కట్టేసింది. అన్నం మీద మూత పెట్టి, మసిగుడ్డ దులిపి దండెం మీద వేసింది. చెంగు నడుముకి దోపుకుంది. ఆయన నాణెం ఒకటి వెలుతురుకి ఎత్తి చూస్తుండగా, ఆమె అరుగు దిగి, చెప్పులు వేసుకుని, వీధిలోకి వెళ్లి బస్టాండు దారి పట్టింది.